ఉలిపికట్టె ఎక్కడ?

"సార్, మా మామిడి మండీ కంప్యూటర్లో జూన్ 5 అని 5/6 కొడితే మే 6 అయిపోతా ఉంది. 15/6 కొడితే మాత్రం అట్లే ఉంటాది. ల్యాబులో ఇట్ల లేదే?" కృష్ణగిరి నుంచి హోసూరుకు వచ్చి చదువుకునే పిల్లవాడు అడిగాడు.

రెండుచోట్లా అదే విండోస్, అదే ఎక్సెల్. తేడా ఉంటే సెట్టింగుల్లో ఉండాలి. అవి రిజిస్ట్రీలో ఉంటాయి, రెజెడిట్ అనే ప్రోగ్రాంతో వాటిని ఫైలుగా బయటికి తీయొచ్చు. రెండుచోట్లవీ తీశాం. లక్షల వరసలు! రెండు ఫైళ్లను పోల్చి చూపే, నాకెంతో ఇష్టమైన 'డిఫ్'ను పిల్లలకు చూపించే అవకాశం దొరికింది.

మొదటి వరసకు మొదటిది, రెండోదానికి రెండోది పోలిస్తే చాలదా అన్నారు పిల్లలు. చాలదు. ఒక బస్సు హోసూరు, శూళగిరి, కురుబరపల్లి, కృష్ణగిరిలో ఆగుతుంది. ఇంకొకటి అదనంగా పేరండపల్లిలోనూ ఆగుతుంది. ఈ రెండు పట్టీలనూ వరసకు వరస పోలిస్తే హోసూరు తర్వాత అన్నీ తేడాలే. నిజానికి తేడా ఒక్క పేరండపల్లి.

బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్, జేమ్స్ హంట్ పట్టుకున్న కిటుకు ఇక్కడే ఉంది. డిఫ్ తేడాలను వెతకదు. రెండు పట్టీల్లోనూ అదే క్రమంలో వచ్చే అతి పొడవైన ఉమ్మడి పట్టీని వెతుకుతుంది. అది దొరికాక అందులో చేరకుండా మిగిలిపోయిందే తేడా. చెప్పినంత సులువు కాదు. 30 వరసల పట్టీలోంచి ఏరగలిగే చిన్న పట్టీలే 100 కోట్లు దాటుతాయి. అందుకే వాళ్లు ప్రతి వరసకూ ఒక సంఖ్య కట్టి, రెండువైపులా సంఖ్యలు కలిసిన చోట్లనే పట్టించుకున్నారు. కలవని జాగాల జోలికే పోలేదు. 1974 యూనిక్స్‌లో డిఫ్ వచ్చింది. 1986లో యూజీన్ మయర్స్ ఇంకా చురుకైన పద్ధతి చెప్పాడు, నేడు ప్రోగ్రామర్ల చేతుల్లో ఉన్న గిట్ వాడేది దాన్నే.

మండీ ఫైలునూ ల్యాబు ఫైలునూ డిఫ్‌కు ఇచ్చాం. తేడాలు కుప్పలుగా పడ్డాయి! కిటికీ ఎక్కడ తెరుచుకోవాలి, చివరగా ఏ ఫైలు తెరిచారు, ఇట్లాంటివన్నీ తేడాలే గాని నేరస్థులు కావు. సరే, ల్యాబులోని ఇంకో మూడు యంత్రాలనూ పట్టుకొచ్చాం. ల్యాబు యంత్రాల్లోనే తమలో తాము కలవని వరసలన్నీ కొట్టేశాం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ ఉలిపికట్టెలే మిగిలాయి. అందులో ఒకటి తేదీ రూపం. ల్యాబులో రోజు ముందు, మండీలో అమెరికా పద్ధతిలో నెల ముందు. 15వ నెల లేదు కాబట్టి 15/6 తేదీ కాలేక ఉత్త అక్షరాలుగా మిగిలింది.

మేం చేతితో చేసినదాన్ని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2004లో 'పీర్ ప్రెషర్' పేరుతో గణితంగా చేశారు. 87 యంత్రాల రిజిస్ట్రీలను ఇరుగుపొరుగుగా పెట్టుకుని, రోగి యంత్రంలో ఏది అసహజమో సంభావ్యతతో లెక్కగట్టారు. 20 నిజమైన కేసుల్లో 12ను సూటిగా పట్టింది. నాకైతే మిగతా 8 కేసుల మీదే ఎక్కువ ఆసక్తి. అక్కడ అనుమానితులను తగ్గించిందే తప్ప వేలు చూపలేదు. పొరుగువాళ్లలోనే ఏకాభిప్రాయం లేకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు!

పిల్లవాడు సెట్టింగు మార్చి మరునాడు మళ్లీ వచ్చాడు. కొత్తవి సరిగ్గా పడుతున్నాయట, పాతవి మాత్రం మారలేదట. మారవు. ఎక్సెల్ తేదీని రోజుల సంఖ్యగా దాచుకుంటుంది, 5/6 కొట్టినప్పుడే అది మే 6 సంఖ్య అయిపోయింది. వాళ్ల నాయన ఇప్పుడు చిట్టీలు ముందేసుకుని ఒక్కొక్కటీ దిద్దుతున్నాడు.