తినుబండములకు ప్లాస్టిక్కునకు మారుగా నేమి వాడవచ్చును?

తిరుమలలో 2021 సంవత్సరము ఆగష్టు నెలలో లడ్డు ప్రసాదమునకై యొక క్రొత్తరకపు సంచి అమ్మకమునకు వచ్చెను. డి. ఆర్. డి. ఓ. వారు మొక్కజొన్న గంజిపదార్థముతో రూపొందించిన ఆ సంచి మూడు మాసములలో మట్టిలో కలియునని చెప్పిరి. 2022 జూలై 1వ తేదీనుండి, ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు దేశమంతట నిషేధింపబడినవి. వానికి మారైన వస్తువులు చాలవరకు మన పొలములనుండియే రావలసియున్నవి గాన, రైతులు వీని గుణదోషముల నెరుగుట మంచిది.

చెరకు పిప్పిని గుజ్జుచేసి వేడి యచ్చులలో నొత్తినచో గట్టి పళ్లెములగును. వేడి సాంబారునకును నవి తాళును. కాని బెల్లము వండు రైతునకు పిప్పియే వంటచెరకు. దానినమ్మి కట్టెలు కొనిన లాభమెంతయో ముందుగా లెక్కవేయవలెను. మిగులు పిప్పిని మాత్రమే అమ్ముట మేలని మా యభిప్రాయము. గుజ్జుయంత్రములు పెద్ద పెట్టుబడితో గూడినవి. చిన్న గ్రామసంఘము తలకెత్తుకొనదగినవి కావు.

ఆకుల సంగతి వేరు. అరటియాకును నిప్పుసెగకు చూపినచో మెత్తబడి, ఇడ్లీలు కట్టునపుడు చీలదు. అయితే అది నిలువయుండదు. మోదుగ విస్తళ్లు నెలలకొలది నిలుచును. తడి మిగిలియుండగా కట్టలు కట్టినచో బూజు పట్టి, కుట్టినవారి శ్రమయంతయు వ్యర్థమగును.

ఇందొక మోసము కలదు. ఇటీవల కొందరు ఆకుపళ్లెములకు ప్లాస్టిక్కు పొర నంటించి యమ్ముచున్నారు. కాగితపు గ్లాసులలోపలను సాధారణముగా నట్టి పొరయే యుండును. విందు పిమ్మట ఊరిబయట పారవేసిన విస్తళ్లను పశువులు తినుట మనమందర మెరిగినదే గదా! ఆకు జీర్ణమగును, పొర జీర్ణముగాదు. అది పెద్దపొట్టలో ముద్దకట్టి మేతకు చోటులేకుండ జేయును. నెమరు తగ్గును, పాలు తగ్గును. ముదిరినపుడు పశువైద్యుడు పొట్టకోసి తీయవలసివచ్చును. పాడిపై నాధారపడిన కుటుంబమున కది యెంతటి దెబ్బయో వేరుగ చెప్పనక్కరలేదు. కావున విస్తరి కొనునపుడు అంచు చించి చూడుడు. పొరయున్నచో సాగుచు తెలియును.

మొక్కజొన్న సంచులమీద ఐ. ఎస్. 17088 అను గురుతున్నదేమో చూడవలెను. అట్టి సంచియైనను వేడియు తడియుగల ఎరువుగుంటలోనే త్వరగా క్రుళ్లును. ఎండు గట్టుమీద పడినది చాలకాల మట్లే యుండవచ్చును. వార్తాపత్రికలలో బజ్జీలు కట్టుటయు తగదు. అచ్చుసిరా తిండికంటునని ఆహార భద్రతా సంస్థవారు 2016లోనే హెచ్చరించిరి.

ఆకులనొత్తు చిన్నయంత్రమునకై అప్పు చేయదలచినవారు, ఏ హోటలువారు నెలకెన్ని కొందురో ముందుగా వ్రాయించుకొనవలెను. తిరుపతిలో బ్రహ్మోత్సవముల గిరాకినాటికి వానలు వచ్చును, ఆకు ఆరదు. కనుక వేసవియందే విస్తళ్లు కుట్టి, నేలతగులకుండ అటుకమీద భద్రపరచవలెను.