తిరగేసి చూడాల్సిన ఎరుపు

పాత తుర్క్‌మెన్ తివాచీ చేతికొస్తే తెలిసినవాళ్లు ముందు దాన్ని తిరగేస్తారు. ముఖం మీద అరుగుదల, వెలిసిన రంగు. ముడులు లెక్కకు అందేది వీపునే. మేలురకం తెక్కే తివాచీలో పది సెంటీమీటర్ల చదరంలో 2,000కు పైగా ముడులుంటాయి. అంటే చదరపు మీటరుకు రెండు లక్షల పైమాటే. ప్రతి ముడీ పడుగు పోగులకు ఉన్ని చుట్టి, లాగి, కత్తితో కోసిందే.

మధ్య ఆసియాలో మందల వెంట తిరిగిన తెక్కే, యోముత్, సారిక్, ఎర్సారీ తెగల ఆడవాళ్ల పని ఇది. మగ్గం నేలమీదే ఉంటుంది. విడిది మారితే మేకులు పీకి, సగం నేసిన తివాచీతో సహా చుట్టి ఒంటెకెత్తేవారు. నేసినంతమేర మీదే కూర్చుని ముందుకు నేసేవారు. ఎదురుగా గీసిన నమూనా ఉండదు. అయినా ‘గుల్’ అనే ఎనిమిది పలకల గుర్తు వరుస తప్పదు. తెగకో గుల్. అలాంటివి అయిదు నేటి తుర్క్‌మెనిస్తాన్ జెండా మీదికెక్కాయి. అంగట్లో మాత్రం వీటిని బుఖారా తివాచీలంటారు. బుఖారా అమ్మిన ఊరు, నేసిన చోటు కాదు!

ఇక ఆ ముదురు ఎరుపు. మన మంజిష్ఠకు దగ్గరి చుట్టమైన మాడర్ మొక్క వేరులోంచి వస్తుంది. అందులోని అలిజరిన్ తనంతట తాను ఉన్నిని గట్టిగా అంటుకోదు. అందుకే ఉన్నిని ముందు పటిక నీళ్లలో నానబెడతారు. పటికలోని అల్యూమినియం ఇటు ఉన్నినీ అటు రంగునూ పట్టి ఉంచుతుంది. ఆపైన ఉతికినా వదలదు. బందరు కలంకారీ ఎరుపుదీ ఇదే కిటుకు. అక్కడ అలిజరిన్ చిరివేరులోంచి వచ్చేది. నూలుగుడ్డకు పటిక తేలిగ్గా పట్టదు గనుక మనవాళ్లు ముందు కరక్కాయ నీళ్లు పట్టించారు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కృత్రిమ రంగులు వచ్చి పడ్డాయి. వాటిలో కొన్ని తడి తగిలితే కారతాయి. ఎర్రముడి పక్కనున్న తెల్లముడి అంచు గులాబీ రంగుకు తిరిగిందేమో భూతద్దంతో చూడండి. తడి తెల్లగుడ్డతో రుద్ది చూసేవాళ్లూ ఉన్నారు. గుడ్డ తెల్లగానే ఉందని తొందరపడి డబ్బు తీయకండి. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్‌మన్ ప్రయోగశాలలో తయారుచేసిన అలిజరిన్ కూడా పటికతో కలిస్తే గుడ్డకు అంటదు. అది అచ్చంగా వేరులోని అణువే మరి. అప్పుడు ఒక్క పోగు తీసి ప్రయోగశాలకు పంపాలి. మాడర్ వేరులో అలిజరిన్‌కు తోడుగా పర్‌ప్యూరిన్ అనే మరో ఎరుపు ఉంటుంది. సీసాలోంచి వచ్చిన అలిజరిన్ వెంట అది రాదు.