తాగనివాని మూత్రంలో మద్యం!

మూత్రపరీక్ష మన వైద్యానికి కొత్త కాదు. నాడి, మూత్రం, మలం, జిహ్వ మొదలైన ఎనిమిదింటిని పరీక్షించమని చెప్పిన యోగరత్నాకరం, మూత్రాన్ని రాత్రి చివరి జామున సేకరించాలనీ, మొదటి ధారను విడిచి నడిమి ధారను గాజుపాత్రలో పట్టాలనీ, సూర్యోదయానికే పరీక్షించాలనీ నియమించింది. చాలాకాలం నేను దీనిని కేవలం ఆచారంగానే భావించాను. ఇందులోని అంతరార్థం ఒక బస్సు డ్రైవరు వల్ల నాకు బోధపడింది.

అతడు మధుమేహానికి నావద్ద చికిత్స పొందుతున్నాడు. ఒక వేసవిలో కన్నీళ్లతో వచ్చి, "వైద్యులుగారూ, నేను చుక్క ముట్టి ఎరుగనండీ. నా మూత్రంలో మద్యం ఉన్నదని ఉద్యోగం నుంచి నిలిపివేశారు" అన్నాడు.

మొదటి అనుమానం నామీదే కలిగింది. ఆసవారిష్టాలలో సహజంగా పుట్టిన మద్యం ఉంటుంది. సేవించినవారి పరీక్షలో అది బయటపడవచ్చు. చీటీలు తిరగేశాను. బెల్లం చేరిన మందులు కనుక అతనికి నేనెన్నడూ ఇవ్వలేదు.

"సీసా ఎప్పుడు ఇచ్చావయ్యా?"

"నిన్నగాక మొన్న పొద్దున్నండీ. నిన్న మధ్యాహ్నం దాకా కిటికీ పక్క బల్లమీదే ఉంది."

అప్పుడు విషయం స్ఫురించింది. అరిష్టం ఎలా తయారవుతుంది? కషాయంలో బెల్లం, ధాతకీ పుష్పాలు వేసి, మూత బిగించి వెచ్చనిచోట ఉంచుతాం. ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆ తీపిని మద్యంగా మారుస్తుంది. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రంలోకి దిగుతుంది. అందులో ఈస్ట్ చేరి, ఎండవేడి తోడైతే ఆ సీసాయే అరిష్టపు కుండ అవుతుంది!

నా సలహాపై అతడు పునఃపరీక్ష కోరాడు. మిగిలిన నమూనాలో ఇథైల్ సల్ఫేట్ కోసం వెదికారు. మద్యం తాగినవారి శరీరంలో తయారయ్యే ఈ పదార్థం సీసాలోని పులుపుడు వల్ల పుట్టదు. అది కనిపించలేదు. ఉద్యోగం తిరిగి లభించింది. పోయిన జీతం మాత్రం రాలేదు.

ఇంతకంటె విచిత్రమైన ఉదంతాన్ని 2020లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ వైద్యులు ప్రకటించారు. మధుమేహం, కాలేయవ్యాధి ఉన్న ఒక మహిళ మూత్రంలో మాటిమాటికీ మద్యం కనిపించేది. ఆమె తాగుడు దాస్తున్నదని అనుమానించారు. కాలేయమార్పిడికి అదే అడ్డయింది. తీరా చూస్తే రక్తంలో మద్యం లేదు. ఆమె మూత్రాశయంలోని ఈస్టే చక్కెరను పులియబెడుతున్నది. కనుక ఇటువంటివారిలో తాజా మూత్రాన్ని కూడా ఒంటరి సాక్షిగా నమ్మరాదు. రక్తపరీక్ష కూడ అవసరం.

నిలవ దోషం లేనిదాన్ని పుట్టించడమే కాదు, ఉన్నదాన్ని మాయం చేస్తుంది కూడా. వేడిలో బాక్టీరియా యూరియాను అమోనియాగా మార్చగా మూత్రంలో క్షారగుణం పెరుగుతుంది; అందులో కొకైన్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ఎల్.ఎస్.డి. అనే మత్తుపదార్థం వెలుతురు తగిలినా చెడుతుంది. అందుకే ప్రయోగశాలలు నమూనాలను చీకటిలో, శీతలంలో భద్రపరుస్తాయి. మద్యం పరీక్షకైతే పులియకుండా సోడియం ఫ్లోరైడ్ కలుపుతారు.

పాఠకులు పాటించవలసినవి:

1. శుభ్రమైన, మూత బిగిసే సీసాలో నడిమి ధారనే పట్టాలి.

2. రెండు గంటలలోగా ప్రయోగశాలకు చేర్చాలి. వీలుకాకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టించరాదు.

3. సేకరించిన వేళను సీసాపై రాయించాలి.

4. వాడుతున్న మందులన్నీ, ముఖ్యంగా ఆసవారిష్టాలు, ముందే తెలపాలి.

5. సొంతంగా ఏ పదార్థమూ కలపరాదు.

ఫలితం చూసి మనిషిని నిందించే ముందు, ఆ సీసా ఎక్కడ, ఎంతసేపు ఉన్నదో విచారించండి. ఆ డ్రైవరును ఆ మాట ముందే ఎవరైనా అడిగి ఉంటే అతనికంత అవమానం తప్పేది.