హార్డువేరు మార్పిడి తరువాత కంప్యూటరు స్తంభించడం

కంప్యూటరు తెర మీది దృశ్యం కదలకుండా నిలిచిపోయి, మౌసుకు గాని కీబోర్డుకు గాని యంత్రం స్పందించని స్థితిని స్తంభించడం అంటారు. వాడుకలో దీనినే "హ్యాంగ్ అవడం" అంటారు. విడిభాగాలు కొని ఇంటిలో కూర్చుకున్న కంప్యూటరులో మెమొరీ, గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు, డిస్కు వంటివి మార్చిన తరువాత ఈ సమస్య తరచుగా కనిపిస్తుంది. కొత్త భాగమే పాడైనదని వెంటనే నిర్ణయించుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. భాగం మంచిదే అయినప్పటికీ, దానికి కావలసిన విద్యుత్తును, సరైన వేగపు అమరికను, చల్లని గాలిని పాత వ్యవస్థ అందించలేకపోవచ్చును.

నేపథ్యం

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సి.టి.సి.) కంప్యూటరు విడిభాగాల అంగళ్ళకు పేరుపొందినది. కంపెనీ తయారుచేసి అమ్మే కంప్యూటరులో భాగాలన్నీ కలిసి పనిచేస్తాయో లేదో తయారీదారు ముందే పరీక్షిస్తాడు. ఇంటిలో కూర్చిన కంప్యూటరులో ఒక్కొక్క భాగానికి వేరువేరు వారంటీ ఉంటుంది కాని, వాటి పొందికకు పూచీ వహించేవారు ఉండరు. ఆ బాధ్యత కూర్చినవారిదే. కారణం తెలుసుకోకుండా భాగాలు మారుస్తూ పోతే డబ్బు వృథా అవుతుంది, డిస్కులోని సమాచారం కూడా దెబ్బతినవచ్చును.

లక్షణాలు

* తెర నిలిచిపోయి, ఒకే శబ్దం ఆగకుండా వినిపించడం: మెమొరీ, ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు లేదా వాటి డ్రైవరును అనుమానించాలి.
* మౌసు కదులుతున్నా ప్రోగ్రాములు తెరుచుకోకపోవడం: డిస్కును, దాని కేబులును చూడాలి.
* ఆటలు ఆడుతున్నపుడు మాత్రమే నిలిచిపోవడం: గ్రాఫిక్స్ కార్డు, వేడిమి, విద్యుత్తు కారణం కావచ్చును.
* స్తంభించకుండా తనంతట తానే ఆగి మరల మొదలవడం: మొదట విద్యుత్ సరఫరాను పరీక్షించాలి.

విండోస్‌లోని ఈవెంట్ వ్యూయరులో "కెర్నల్ పవర్ 41" అనే నమోదు కనిపించినంత మాత్రాన పవర్ సప్లై చెడిపోయినట్లు కాదు. కంప్యూటరు సక్రమంగా మూయబడలేదని మాత్రమే దాని అర్థం. స్తంభించిన యంత్రాన్ని మీట నొక్కి ఆపినా అదే నమోదు వస్తుంది.

కారణాలు

విద్యుత్తు: గ్రాఫిక్స్ కార్డుకు మదర్‌బోర్డు స్లాటు నుండి గరిష్ఠంగా 75 వాట్లు లభిస్తాయి. అదనంగా 6 పిన్నుల కనెక్టరు 75 వాట్లు, 8 పిన్నుల కనెక్టరు 150 వాట్లు ఇవ్వగలవు. ప్రాసెసరు మీద వ్రాసిన వాట్ల సంఖ్య దాని గరిష్ఠ వినియోగం కాదు, ఉదాహరణకు ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.4 సాకెట్టులోని 65 వాట్ల ప్రాసెసర్లు 88 వాట్ల వరకు తీసుకోగలవు. 12 వోల్టుల తీగపై వోల్టేజి 11.4 నుండి 12.6 మధ్య ఉండాలి. భారం పెరిగినపుడు ఇది హద్దు దాటితే యంత్రం స్తంభించవచ్చు, లేదా ఆగిపోవచ్చు.

మెమొరీ: పాత మెమొరీకి కొత్తది జతచేసినపుడు, రెండింటి మీద ఒకే వేగం వ్రాసి ఉన్నా, అవి కలిసి పనిచేస్తాయన్న హామీ లేదు. ఎక్స్.ఎం.పి. అనే అమరిక మెమొరీని ప్రామాణిక వేగం కంటే ఎక్కువ వేగంతో నడుపుతుంది. రెండు ముక్కలతో సాఫీగా నడిచిన వేగం, నాలుగు ముక్కలు పెట్టినపుడు నిలవకపోవచ్చును.

వేడిమి: హీట్‌సింకు అడుగున ఉండే ప్లాస్టిక్ పొరను తీయకపోవడం, పాత పేస్టునే ఉంచడం, కూలరు ఒక మూల వదులుగా ఉండడం సాధారణమైన పొరపాట్లు. శక్తివంతమైన కొత్త గ్రాఫిక్స్ కార్డు క్యాబినెట్ లోపలి గాలిని వేడిచేసి, ఇతర భాగాలను కూడా ఇబ్బంది పెడుతుంది.

బయోస్, డ్రైవర్లు: మదర్‌బోర్డు తరువాత విడుదలైన ప్రాసెసరుకు కొత్త బయోస్ అవసరం కావచ్చును. కొన్నిసార్లు లోపం తయారీదారునిదే అవుతుంది. ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నింటిలో అధిక వోల్టేజి వలన అస్థిరత కలుగుతున్నదని ఆ సంస్థ 2024లో ప్రకటించి, బయోస్ ద్వారా సవరణ విడుదల చేసి, వారంటీని 2 సంవత్సరాలు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసరును ఆ సవరణ బాగుచేయలేదు.

పరీక్షించే క్రమం

ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయడం ఈ పనిలో ముఖ్య సూత్రం. రెండు మార్పులు ఒకేసారి చేస్తే, సమస్య తీరినా కారణం తెలియదు.

1. ముఖ్యమైన ఫైళ్ళను మరొక డిస్కులోకి నకలు తీసుకోవాలి.
2. కొత్త భాగాన్ని తీసివేసి, పాత స్థితిలో నడిపి చూడాలి. అప్పటికీ స్తంభిస్తే, బిగించేటపుడు వదులైన కేబులునో, మరేదైనా భాగాన్నో అనుమానించాలి.
3. బయోస్ అమరికలను తొలి స్థితికి తెచ్చి, ఎక్స్.ఎం.పి.ని ఆపాలి. దీనితో సమస్య తీరితే భాగం మార్చనక్కరలేదు.
4. మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవు నుండి నడపాలి. ఒక్క దోషం కనిపించినా, మెమొరీ ముక్కలను ఒక్కొక్కటిగా, ఒకే స్లాటులో పరీక్షించాలి.
5. పని భారం పెట్టి ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డుల ఉష్ణోగ్రతలను గమనించాలి.
6. తగినంత సామర్థ్యం గల మరొక పవర్ సప్లైని అరువు తెచ్చి నడిపి చూడాలి.
7. ఇవన్నీ అయిన తరువాతనే, కొత్త భాగాన్ని మరొక కంప్యూటరులో పెట్టి పరీక్షించి, వారంటీకి పంపాలి.

లక్డారం వంటి ప్రాంతాలలో

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని లక్డారం గ్రామ పరిసరాలలో రాతి గనులు, కంకర మిల్లులు ఉన్నాయి. ఇటువంటి చోట గాలిలోని సన్నని రాతి పొడి హీట్‌సింకు రేకుల మధ్య పేరుకుని గాలిని అడ్డుకుంటుంది. పాత భాగాల తక్కువ వేడికి చాలిన గాలి, కొత్త భాగానికి చాలదు. కొత్త భాగం బిగించే ముందే క్యాబినెట్‌ను మెత్తని కుంచెతో శుభ్రం చేయాలి. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని దుమ్ము ఊదాలి.

పారిశ్రామిక ప్రాంతాలలో ఒకే లైను మీద పెద్ద మోటార్లు మొదలైనపుడు వోల్టేజి క్షణకాలం పడిపోవచ్చును. సరఫరా తెగినపుడు పవర్ సప్లై తనలో నిలువ ఉన్న శక్తితో సెకనులో అరవయ్యో వంతు కాలం మాత్రమే నెట్టుకురాగలదు. భారం పెరిగేకొద్దీ ఈ వ్యవధి తగ్గుతుంది. అందువలన నిన్నటి దాకా కంప్యూటరు తట్టుకున్న ఒడుదొడుకులే, కొత్త కార్డు పెట్టిన తరువాత దానిని ఆపివేయవచ్చును. ఇంటి ఇన్వర్టరుపై నడిపేవారు దానిలోని యు.పి.ఎస్. మోడ్ మీటను వేసి ఉంచాలి. సాధారణ మోడ్‌లో మార్పిడికి ఎక్కువ సమయం పడుతుంది.

జాగ్రత్తలు

క్యాబినెట్‌ను తాకితే జిల్లుమంటే ఎర్తింగు లేదని అనుమానించాలి. ఎలక్ట్రీషియనుతో దానిని సరిచేయించిన తరువాతనే మిగిలిన పరీక్షలు చేయాలి. భాగాలను తీసేముందు ప్లగ్గు తీసి, పవర్ మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పరాదు. దానిలోని కెపాసిటర్లలో, ప్లగ్గు తీసిన తరువాత కూడా, 300 వోల్టులకు పైగా విద్యుత్తు నిలిచి ఉండవచ్చును. అది ప్రాణాపాయకరం.