మెదడులో రాజుకునే మంట

“ఫలానా వారికి ఒక పక్క పడిపోయిందట” అన్న వార్త వినని తెలుగు ఇల్లు వుండదు. మూడు నాలుగు తరాలుగా కావేరి గట్టునో, మహానది గట్టునో, బొంబాయిలోనో స్థిరపడిన మన కుటుంబాలలో కూడా ఈ మాటను అమ్మమ్మల నాటి తెలుగులోనే అంటారు. పడిపోవడమంటే అక్కడితో అయిపోయిన సంగతిగా మనం తలుస్తాము. పిడుగు పడ్డది, చెట్టు మాడిపోయింది, ఇక చేసేదేమున్నదనే ధోరణి. నిజానికి అసలు కథ ఆ తరవాతనే మొదలవుతుంది. అది కొన్ని గంటలు, కొన్ని రోజులు, కొన్ని నెలలు నడుస్తుంది. ఆ కథలో ఒక ముఖ్య ఘట్టాన్ని విప్పిచెప్పిన ఇంగ్లీషు శాస్త్రజ్ఞురాలు డేమ్ నాన్సీ రోత్‌వెల్ కృషిని పాఠకులకు పరిచయం చేయదలిచాను.

పక్షవాతం రెండు విధాలుగా వస్తుంది. మెదడులో రక్తనాళం పగిలి నెత్తురు చిమ్మడం ఒకటి, నాళంలో నెత్తురుగడ్డ అడ్డుపడడం రెండవది. రెండవదే ఎక్కువ మందిలో కనిపిస్తుంది. పెద్ద నాళం మూసుకుపోతే, నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అమెరికాలో జెఫ్రీ సేవర్ అనే వైద్యుడు 2006లో లెక్కగట్టారు. గడ్డ పడ్డచోట నడిమి భాగం త్వరగా చచ్చిపోతుంది. దాని చుట్టూ వున్న భాగం మాత్రం చావకుండా, బ్రతకకుండా, కొనవూపిరితో కొంతసేపు నిలుస్తుంది. వైద్యుల ఆరాటమంతా ఆ అంచు కోసమే.

ఇక వాపు సంగతి. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆచోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. ఈ నాలుగు లక్షణాలనూ రోమను రచయిత సెల్సస్ రెండువేల యేళ్ళనాడే చెప్పాడు. మన ఆయుర్వేదులు శోథ అన్నారు. అది రోగం కాదు, శరీరం చేసుకునే మరమ్మతు. మెదడుకు మాత్రం ఈ బెడద లేదని చాలాకాలం నమ్మారు. అయితే మెదడులోనూ కావలివాళ్ళున్నారు. మైక్రోగ్లియా అనే ఈ చిన్న కణాలను 1919లో మాడ్రిడ్ నగరంలో పియో దెల్ రియో ఒర్తేగా గుర్తించి వర్ణించాడు. మామూలు రోజుల్లో ఇవి సన్నని కొమ్మలు చాచి నలుదిక్కులా తడుముకుంటూ వుంటాయి. నెత్తురు ఆగిపోతే కొమ్మలు ముడుచుకుని, లావెక్కి, చచ్చిన కణాలను మింగడం మొదలుపెడతాయి. అంతటితో వూరుకోవు. రసాయనాలు వెదజల్లి, నెత్తురులోని తెల్లకణాలను కేక వేస్తాయి. ఆ వచ్చే దండుకు శత్రువెవరో, కొనవూపిరితో వున్న మనవాడెవరో సరిగా తెలియదు!

రోత్‌వెల్‌గారు పక్షవాతం కోసం శాస్త్రంలోకి వచ్చినవారు కారు. లంకాషైరులో పుట్టి, బడిలో పద్నాలుగవ యేటనే జీవశాస్త్రం పాఠాలు మానేసిన మనిషి ఆమె. తరవాత లండనులో శరీరధర్మశాస్త్రం చదివి, తిన్న తిండి కొందరిలో కొవ్వుగా ఎందుకు పేరుకుంటుంది, కొందరిలో వేడిగా ఎందుకు ఖర్చవుతుంది అన్న ప్రశ్నపై పనిచేశారు. వేడి నుంచి జ్వరం వైపు దృష్టి మళ్ళింది. జబ్బు పడ్డప్పుడు ఒళ్ళు కాగడానికీ, అన్నం సహించకపోవడానికీ కారణమైన పదార్థాలలో ఇంటర్‌ల్యూకిన్-1 ఒకటి. అది మెదడు మీద పనిచేస్తుంది. సరే, మెదడుకే దెబ్బ తగిలినప్పుడు ఇదే పదార్థం ఏంచేస్తుంది? స్థూలకాయం దగ్గర బయలుదేరి పక్షవాతం దగ్గర తేలడం చూస్తే, పరిశోధకులను “మీ పనివల్ల లాభమేమిటి?” అని ముందే నిలదీసే పెద్దమనుషుల మీద నాకు జాలి కలుగుతుంది.

1987లో ఆమె మాంచెస్టరు విశ్వవిద్యాలయానికి వచ్చారు. మన శరీరంలోనే ఈ ఇంటర్‌ల్యూకిన్‌కు విరుగుడు ఒకటి తయారవుతుంది. తాళంకప్పలో వేరొక చెవి దూర్చి వుంచితే అసలు చెవి లోపలికి పోదు గదా. ఈ విరుగుడు చేసేదీ అంతే. 1992లో ఆమె ప్రయోగశాలవారు ఎలుకల మెదడులో నాళం మూసి, ఆ విరుగుడు ఇచ్చి చూశారు. చచ్చిపోయిన భాగం బాగా తగ్గింది. అంటే మెదడు నాశనంలో కొంత భాగం గడ్డ చేసిన పని కాదు, ఆ గడ్డకు శరీరం చెప్పిన జవాబు చేసిన పని. జవాబును సవరించవచ్చునన్న ఆశ అక్కడ పుట్టింది.

అయితే వాపును మొత్తం అణచివేస్తే సరిపోదా? సరిపోదు. తెల్లకణాలు నాళాల గోడకు అంటుకోకుండా ఆపే ఎన్లిమోమాబ్ అనే మందును 625 మంది రోగులపై పరీక్షించి, ఫలితాలు 2001లో ప్రకటించారు. మందు పుచ్చుకున్నవారి స్థితి, పుచ్చుకోనివారికంటే అధ్వాన్నమయింది. ఆ మందు ఎలుకనుంచి తీసిన ప్రతిరక్షక పదార్థం గనుక, అదే శరీరాన్ని రెచ్చగొట్టి వుండవచ్చునని కొందరన్నారు.

ఇంతకంటే విచిత్రమైనది 2006లో బోస్టను నగరంలో ఎంగ్ లో బృందంవారు చూపినది. కణాల మధ్య అల్లికను కోసే కొన్ని ఎంజైములున్నాయి. పక్షవాతం వచ్చిన తొలి గంటలలో అవి నాళాల గోడలను దెబ్బతీస్తాయి గనుక వాటిని ఆపితే మేలు. కాని వారం రోజుల తరవాత ఎలుకలలో వాటిని ఆపితే, కోలుకోవడమే కుంటుపడింది! కొత్త నాళాలు, కొత్త అల్లికలు పుట్టాలంటే పాత గోడ కొంత కోయక తప్పదు. నిన్న ఇల్లు కూల్చినవాడే నేడు పునాది తవ్వుతున్నాడన్న మాట. అందుచేత ఏ మందు అన్నదానికంటే ఏ గంటకు, ఏ రోజుకు అన్నది పెద్ద ప్రశ్నయి కూర్చున్నది.

మాంచెస్టరువారు తమ విరుగుడును మనుష్యులకూ ఇచ్చి చూశారు. కీళ్ళవాతానికి అది అనాకిన్రా అనే పేరుతో అప్పటికే వాడుకలో వున్నది. 2005లో 34 మందితో జరిగిన చిన్న పరీక్షలో హాని కనిపించలేదు. 2018లో 80 మంది ఫలితాలు వచ్చాయి. మూడు రోజులు చర్మం క్రింద సూది వేస్తే నెత్తురులో వాపు గుర్తులు తగ్గినమాట నిజం. రోగులు మాత్రం ఇతరులకంటే మెరుగుగా కోలుకున్నట్లు తేలలేదు. ఆ పరీక్ష ముఖ్యంగా నెత్తురు గుర్తులను కొలవడానికి ఏర్పాటయింది గనుక దాన్ని తుదితీర్పు అనలేము. గెలుపు అని కూడా అనలేము. రోత్‌వెల్‌గారు 2010 నుంచి 2024 దాకా ఆ విశ్వవిద్యాలయానికే అధిపతిగా వుండి పదవి విరమించారు. ఆమె వెతికిన మందు పక్షవాతపు మంచం దగ్గరికి ఇంకా చేరలేదు.

మరి ఇదంతా మనకెందుకంటారా? గంటల లెక్క మన ఇళ్ళకూ వర్తిస్తుంది గనుక. నోరు వంకర పోయినా, చెయ్యి తేలిపోయినా, మాట తడబడినా, ముందు గడియారం చూడండి. తరవాత 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపల పనిచేస్తుంది. పావురం నెత్తురు పూయించడానికి రోగిని వూరూరా త్రిప్పే ఆచారం మనలో ఇంకా చావలేదు. ఆ ప్రయాణంలో పోయేది ఆ నాలుగున్నర గంటలే. ఆస్పిరిన్ బిళ్ళ కూడా స్వంతంగా మింగించకూడదు. నాళం పగిలిందో మూసుకుపోయిందో స్కానింగు తీస్తేగాని ఎవరికీ తెలియదు. అన్నిటికంటే ముఖ్యం: పడిపోయిన మనిషికి కాఫీయో సోడాయో పట్టించే మన మర్యాదను ఆ పూటకు మానుకోవాలి. మింగే శక్తి తప్పినవారి నోట్లో పోసినది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పక్షవాతం తరవాత శరీరపు రోగనిరోధక శక్తి కొన్నాళ్ళు సన్నగిల్లుతుంది గనుక అది న్యుమోనియాగా మారడం సులభం. ఆస్పత్రిలో మింగుడు పరీక్ష అయ్యేదాకా చెంచాడు నీళ్ళు కూడా వద్దు.

తొందర అన్నివేళలా పనికిరాదు. మొదటి 24 గంటలలోనే రోగిని మాటిమాటికీ లేపి నడిపిస్తే మేలేమో అని 2,104 మందిపై జరిపిన పరీక్షలో, 2015 నాటి ఫలితాల ప్రకారం, అట్లా నడిపించినవారే తక్కువగా కోలుకున్నారు. అట్లాగని మూడు నెలలు దాటగానే “ఇంతే ప్రాప్తం” అని మూల కూర్చోబెట్టడమూ తప్పే. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలయిన 222 మందిని తీసుకుని అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. వారందరికీ పడిపోయిన చేతిలో కొద్దో గొప్పో కదలిక మిగిలివున్నది. అందులో ఒక జట్టుకు బాగున్న చేతికి తొడుగు తొడిగి, రెండు వారాలపాటు మేలుకున్న వేళంతా పడిపోయిన చేతితోనే పనులు చేయించారు. ఆ చేతికి వచ్చిన పట్టు యేడాది తరవాత కూడా నిలిచిందని 2006లో ప్రకటించారు. ఆ తొడుగు వంటింట్లో వేడి గిన్నె పట్టుకునే తొడుగులాంటిదే. కొలతలు చెబితే మన వీధి దర్జీ ఒక పూటలో కుట్టి ఇస్తాడు. ఎంతసేపు తొడగాలో మాత్రం వ్యాయామ చికిత్సకులను అడిగి తెలుసుకోవాలి.