మెడికల్ సీటు రాలేదా? మళ్ళీ రాసే ముందు కారణం వెదకండి



ఈ పత్రికలో నేను సాధారణంగా బి.పి., షుగరు, బాలింతల ఆహారం వంటి విషయాలు రాస్తుంటాను. ఈసారి వేరే సంగతి రాయవలసి వచ్చింది. ప్రతి ఏటా నీట్ ఫలితాలు వచ్చాక పిల్లల్ని వెంటబెట్టుకుని నా గదికి వచ్చే తల్లిదండ్రులు ఎక్కువవుతున్నారు. "సీటు రాలేదు సిస్టరమ్మా, మళ్ళీ రాయించాలా? ఏం చేస్తే ఈసారి వస్తుంది?" అని అడుగుతారు. నాకు తెలిసినంతలో జవాబు ఇది.

ఆమధ్య ఒక సాయంత్రం మన చుట్టుపక్కల ఊరి నుంచి ఒక తండ్రి కూతురితో వచ్చాడు. మామిడి తోట కౌలుకు చేసుకునే మనిషి. (వారి అనుమతితోనే రాస్తున్నాను. గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.) ఆయన అడిగింది ఒక కాయితం. "మా అమ్మాయి మీ ఆసుపత్రిలో ఆరు నెలలు సేవ చేసిందని ఒక సర్టిఫికెట్టు ఇప్పించండి. అమెరికాలో ఉన్న మా బావమరిది చెప్పాడు. అది పెడితే అప్లికేషను గట్టిపడుతుందట" అన్నాడు. అమ్మాయి ఫైలు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది.

అక్కడి పద్ధతి వేరు

ఆ బావమరిది అబద్ధం చెప్పలేదు. అమెరికాలో మెడికల్ కాలేజీలు డిగ్రీ మార్కులు, ప్రవేశ పరీక్షతో పాటు ఆసుపత్రిలో చేసిన సేవ, విద్యార్థి తన గురించి రాసుకున్న వ్యాసం, ఇంటర్వ్యూ కూడా చూస్తాయి. ఒకసారి సీటు రానివారు వీటిలో ఏది బలహీనంగా ఉందో చూసుకుని, ఒక ఏడాది దానిని బాగుచేసుకుని మళ్ళీ దరఖాస్తు చేస్తారు.

మన దేశంలో ఎం.బి.బి.ఎస్.కు చూసేది నీట్ ర్యాంకు ఒక్కటే. మైనారిటీ కాలేజీలకూ నీట్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. కాబట్టి వెల్లూరు సి.ఎం.సి. వంటి సంస్థలకు సంఘం పంపే సిఫారసు కూడా మార్కులకు బదులు కాదు. పైగా చేయని సేవకు సర్టిఫికెట్టు ఇవ్వడం నా వల్ల కాదని ఆయనకు మెల్లగా చెప్పాను.

అయితే ఆయన అడిగిన దానిలో ఒక మంచి మాట ఉంది: బలహీనంగా ఉన్నది ఏదో చూసుకుని బాగుచేసుకోవడం. అది ఇక్కడా అవసరమే.

అర్హత వేరు, సీటు వేరు

చాలా ఇళ్ళలో ఒక పొరపాటు జరుగుతోంది. "మావాడు క్వాలిఫై అయ్యాడు" అంటే సీటు దగ్గరిదాకా వచ్చిందని అనుకుంటారు. 2025లో దాదాపు 22 లక్షల మంది నీట్ రాశారు. వారిలో 12 లక్షలకు పైగా అర్హత పొందారు. దేశం మొత్తం మీద ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంచెం పైన. అర్హత పొందినవారిలో పదిమందికి ఒక సీటు లెక్క.

మార్కులు చూసి కూడా మోసపోకూడదు. జనరల్ వారికి అర్హత మార్కు 2024లో 162 ఉంటే, 2025లో ప్రశ్నపత్రం కఠినంగా రావడం వల్ల 144కు దిగింది. అందుచేత "పోయినసారికంటే 40 మార్కులు పెరిగాయి" అని సంబరపడినా, "తగ్గాయి" అని ఏడ్చినా లాభం లేదు. ర్యాంకు ఎంత మారిందో చూడండి. కౌన్సెలింగులో మీ కేటగిరీలో, మీ ప్రాంతంలో చివరి సీటు ఏ ర్యాంకుకు వెళ్ళిందో విశ్వవిద్యాలయం ఇచ్చే జాబితాల్లో చూసి, మీ ర్యాంకు దానికి ఎంత దూరంలో ఉందో లెక్క వేసుకోండి. ఆ దూరాన్ని బట్టే మళ్ళీ రాయాలా వద్దా అన్నది తేల్చుకోవాలి.

ముందు జబ్బు ఏమిటో తెలియాలి

జ్వరం అని వచ్చిన ప్రతివారికీ మనం ఒకే మందు ఇవ్వం. మలేరియానా, టైఫాయిడా, మూత్రంలో ఇన్ఫెక్షనా అని పరీక్ష చేస్తాం. కానీ సీటు రాని ప్రతి బిడ్డకూ ఒకే మందు రాస్తున్నాం. దాని పేరు "లాంగ్‌టర్మ్ కోచింగ్".

తండ్రిని టీ తాగి రమ్మని పంపి, ఆ అమ్మాయిని ఫైలు తెరవమన్నాను. నీట్ పేపరు 720 మార్కులకు. జీవశాస్త్రం 90 ప్రశ్నలు, భౌతికశాస్త్రం 45, రసాయనశాస్త్రం 45. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఆమెకు వచ్చినవి 395. విడదీసి చూస్తే:

జీవశాస్త్రం: 69 ఒప్పు, 14 తప్పు. 360కి 262.
రసాయనశాస్త్రం: 27 ఒప్పు, 16 తప్పు. 180కి 92.
భౌతికశాస్త్రం: 14 ఒప్పు, 15 తప్పు, 16 వదిలేసినవి. 180కి 41.

"ఏమ్మా, ఈ ఏడాది ఎక్కువసేపు ఏది చదివావు?" అని అడిగాను. "బయాలజీ" అంది. "ఎందుకు?" అంటే కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు ఫిజిక్సు మొదటి నుంచీ రాదు సిస్టర్. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే వెనకబడ్డాను. నాన్న అప్పు చేసి ఫీజు కట్టాడు. ఆయనతో ఎలా చెప్పను?" అని కళ్ళు తుడుచుకుంది.

జబ్బు అక్కడ ఉంది. ఇంకో ఏడాది అదే హాస్టల్లో, అదే నోట్సుతో, అదే బయాలజీ తిప్పి తిప్పి చదివితే ఆ 262 ఏ 290కో పెరుగుతుంది. ఆ 41 మాత్రం కదలదు.

చికిత్స

ఒకటి. పరీక్ష తరువాత ప్రశ్నపత్రం మన దగ్గరే ఉంటుంది. ఓ.ఎం.ఆర్. షీటు నకలును, జవాబుల కీని కొన్ని రోజులపాటు చూడనిస్తారు. అప్పుడే దాచుకోండి. తప్పయిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాయండి: విషయం తెలియక తప్పిందా, తెలిసీ తొందరలో తప్పిందా, చివర్లో టైము చాలక ఏదో ఒకటి దిద్దామా? మొదటి దానికి మందు పాఠం. రెండో దానికి మందు సాధన. మూడో దానికి గడియారం పెట్టుకుని రాసే మాదిరి పరీక్షలు. మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

రెండు. బలహీనమైన సబ్జెక్టును పునాది నుంచి మొదలుపెట్టండి. అవసరమైతే పదో తరగతి లెక్కలు, ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రం దాకా వెనక్కి వెళ్ళండి. ఇందులో నామోషీ లేదు. ఒకే సబ్జెక్టు దెబ్బతీసినప్పుడు, పెద్ద హాస్టలుకంటే ఆ సబ్జెక్టు ఓపికగా చెప్పే ఒక్క మేష్టారు మేలు.

మూడు. పాత నోట్సును నమ్ముకునే ముందు సిలబస్ సరిచూడండి. 2024 పరీక్ష నుంచి సిలబస్ మారింది. రసాయనశాస్త్రంలో ఘనస్థితి వంటి పాఠాలు తీసేశారు. భౌతికశాస్త్రంలో ప్రయోగశాల నైపుణ్యాలు చేర్చారు.

నాలుగు. 2025లో పరీక్ష మధ్యాహ్నం 2 గంటల నుంచి 5 గంటల దాకా జరిగింది, 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. రోజూ ఆ వేళకు నిద్రపోయే అలవాటు ఉంటే పరీక్షనాడు కళ్ళు మూతలు పడతాయి. మాదిరి పరీక్షలు ఆ వేళకే రాయండి.

ఐదు. పేపరు తెలుగులో కూడా తీసుకోవచ్చు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రమాణం. ఏ భాషలో చదివారో ఆ భాషే ఎంచుకోవడం మంచిది.

కాగితాలు కూడా అప్లికేషనే

మార్కులు వచ్చీ కాగితాల దగ్గర కష్టపడినవారిని చూశాను. ఈ ఏడాది ఖాళీ దొరికింది కదా, ఇప్పుడే సరిచేసుకోండి.

పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే అన్నిచోట్లా ఉండాలి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు తీసి ఉంచుకోండి. మనది తెలంగాణ సరిహద్దు ప్రాంతం. కొందరు పిల్లలు ఖమ్మంలోనో హైదరాబాదులోనో ఇంటర్ చదువుతారు. రాష్ట్ర కోటా సీట్లకు స్థానికత తేల్చేటప్పుడు ఇంటరుతో ముగిసే వరుస నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది ముఖ్యంగా చూస్తారు. ఇంటర్‌కు ఊరు మార్చే ముందే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కులం కాలమ్ దగ్గర మన సంఘ కుటుంబాలు తరచుగా తికమక పడుతుంటాయి. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవ మతంలోకి వచ్చినవారు, వారి సంతానం మన రాష్ట్రంలో బి.సి.-సి గ్రూపు కిందికి వస్తారు. ఆ గ్రూపుకు రిజర్వేషను 1 శాతం. మీ చేతిలో ఉన్న ధ్రువపత్రంలో ఏది రాసి ఉందో చూసుకుని, దాని ప్రకారమే నింపండి. కేంద్రం జరిపే అఖిల భారత కోటాలో ఓ.బి.సి. కింద పోటీపడాలంటే కేంద్ర నమూనాలో నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్టు వేరుగా కావాలి. తెలియకపోతే సచివాలయంలో అడగండి. ఇంటర్నెట్ సెంటరు కుర్రాడి మీద వదిలేయవద్దు.

శరీరం, మనసు

ఇది నా సొంత విభాగం కాబట్టి గట్టిగా చెబుతాను. నిద్ర మానుకుని చదివినది నిలవదు. పగలు చదివినదాన్ని మెదడు నిద్రలోనే భద్రం చేసుకుంటుంది. ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలి. హాస్టలు ఆడపిల్లల్లో రక్తహీనత తరచుగా చూస్తున్నాం. ఆయాసం, తల తిరగడం, ఎంత చదివినా బుర్రకెక్కకపోవడం ఉంటే బద్ధకమని తిట్టకండి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. తలనొప్పి ఉంటే కళ్ళు చూపించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది మనసు. బిడ్డ తిండి మానేసినా, నలుగురిలోకి రాకపోయినా, "నేను మీకు బరువు", "నేను లేకపోతే బాగుండు" వంటి మాటలన్నా చదువు సంగతి పక్కన పెట్టండి. ఆ రోజు ఒంటరిగా వదలకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టెలి-మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. సీటు మరో ఏడాది వస్తుంది, లేదా మరో చదువు వస్తుంది. బిడ్డ మళ్ళీ రాదు.

ఎన్నిసార్లు?

నీట్ ఎన్నిసార్లయినా రాయవచ్చు. 2022 నుంచి గరిష్ఠ వయోపరిమితి కూడా లేదు. చట్టం గీయని గీత ఇంట్లో మనమే గీసుకోవాలి. మొదలుపెట్టకముందే తల్లి, తండ్రి, బిడ్డ కూర్చుని, ఎంత ఖర్చు పెట్టగలం, ఎన్నిసార్లు రాయాలి, రాకపోతే ఏ కోర్సు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. అదే నీట్ ర్యాంకుతో బి.డి.ఎస్., ఆయుర్వేదం, హోమియో ఉన్నాయి. నర్సింగు, ఫిజియోథెరపీ, ల్యాబ్ కోర్సులు ఉన్నాయి.

నేను 1987లో, 1988లో రెండుసార్లు ఎంసెట్ రాశాను. రెండోసారీ అదే పుస్తకాలు, అదే పద్ధతి. ఎక్కడ తప్పిందో చూసుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. ర్యాంకు కొంచెమే కదిలింది. తరువాత నర్సింగు డిప్లొమాలో చేరాను. మొదటి ఏడాది ఏడ్చుకుంటూ చదివాను. రెండో ఏడాది నుంచి ఏడవలేదు. ఈ పని చేసినందుకు నాకు చింత లేదు. ఆ ఒక్క సంవత్సరం అలా గుడ్డిగా గడిపినందుకే చింత.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషను మూడోసారి గాని పాసవలేదు. ఆ మూడోసారి ఊరూ బడీ మార్చి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాశారు. మద్రాసు వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. పట్టా కూడా దక్కలేదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. ఆయనే అమెరికా వెళ్ళి చేసిన పరిశోధనల వల్ల బోదకాలుకు వాడే డి.ఇ.సి. మాత్ర, క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ వంటివి రోగులకు అందాయి. ఎన్నోసారి పాసయ్యారని ఆ మందులు వాడే రోగి ఎవరూ అడగరు.

తండ్రి టీ తాగి వచ్చాక ఆ అమ్మాయి తనంతట తానే ఫిజిక్సు సంగతి చెప్పింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ముందే చెబితే ఆ ఫీజుకు బదులు మేష్టారిని పెట్టేవాణ్ణి గదమ్మా" అన్నాడు, అంతే. ఇప్పుడు ఆమె ఇంట్లోనే ఉండి, వారానికి నాలుగు రోజులు రిటైరైన ఒక మేష్టారి దగ్గరికి వెళుతోంది. ఆదివారం మధ్యాహ్నాలు మన వార్డుకు వచ్చి రోగులకు నీళ్ళు అందిస్తోంది, మంచాల పక్కన కూర్చుని మాట్లాడుతోంది. దానికి సర్టిఫికెట్టు ఏమీ లేదని ఆమెకు తెలుసు. ఈ పని తనకు నిజంగా కావాలో లేదో తెలుసుకోవడానికి వస్తున్నానంది.

ఆమెకు సీటు వస్తుందో రాదో నేను చెప్పలేను. కానీ ఈసారి ఆమె మళ్ళీ అదే పరీక్ష అదే విధంగా రాయడం లేదు. మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే, ఫీజు కట్టడానికి ముందు మార్కుల కాగితం పట్టుకుని పక్కన కూర్చోండి. "ఎందుకు రాలేదు?" అని గద్దించకండి. "ఎక్కడ తప్పింది?" అని నెమ్మదిగా అడగండి. మీకు చూడడం తెలియకపోతే ఆ కాగితం తీసుకుని నా గదికి రండి, కలిసి చూద్దాం.

మీ
నర్సింగ్ సూపరింటెండెంట్