బోర్డు మీద ‘క్ష్మీ’కి చోటేది?

శ్రీలక్ష్మీ వస్త్రాలయం. కోస్తాలో ఏ పాత బజారుకు వెళ్లినా ఇలాంటి పేరున్న బట్టల కొట్టు ఒకటి తగలకపోదు. కొనేవాళ్లకు అది మామూలు పేరే. బోర్డు రాసే ఆర్టిస్టుకు మాత్రం అంతకుమించిన పరీక్ష లేదు. ‘శ్రీ’ కింద క్రావడి ఉంది, నెత్తిన గుడిదీర్ఘం ఉంది. ‘క్ష్మీ’లో ష ఒత్తూ మ ఒత్తూ ఒకదాని వెంట ఒకటి దిగుతాయి, పైన మళ్లీ గుడిదీర్ఘం. ‘స్త్రా’లో త ఒత్తు, క్రావడి రెండూ ఒక్క ‘స’ను ఆనుకుని సర్దుకోవాలి. ఇదే పేరును ఇంగ్లిషు క్యాపిటల్ లెటర్లలో రాస్తే మొత్తం రెండు గీతల మధ్య ఒకే ఎత్తులో ఇమిడిపోతుంది. తెలుగుకు మూడంతస్తులు కావాలి. రేకు ఎత్తు రెండడుగులైతే గుళ్లకీ ఒత్తులకీ పోగా అసలు అక్షరానికి మిగిలేది అడుగులోపే.

మన చిన్న ఊళ్ల బజారు రాతలో ముచ్చటగా అనిపించే వంపులు, సాగదీతలు, వాలుగీతలు చాలావరకు ఈ చోటు చాలని ఇబ్బంది నుంచి పుట్టినవే. వాటిని వట్టి అలంకారమని కొట్టిపారేస్తే పనితనం కనపడదు.

తెనాలినే తీసుకుందాం. మూడు కాలవల ఊరు, నాటకాల ఊరు, ఆంధ్రా ప్యారిస్ అనిపించుకున్న ఊరు. గాంధీచౌక్, బోసు రోడ్డు లాంటి చోట్ల ఒక్కో దుకాణం ముందు ఒక్కో కాలం పేరుకుని ఉంటుంది. ఇలాంటి బజార్లలో అన్నిటికంటే పాతవి మేడల పిట్టగోడల మీద సున్నంతోనో సిమెంటుతోనో ఉబ్బెత్తుగా పోసిన పేర్లు. వాటి వయసు చెప్పడానికి కొన్నిసార్లు అంకెలు కూడా అక్కర్లేదు. ‘దుర్గా’లోని రేఫను ఇప్పటిలా ముందు రాయకుండా, అక్షరం తర్వాత తొమ్మిది అంకెలాంటి వలపలగిలకతో ‘దుగా౯’ అని రాసి ఉంటే ఆ గోడ తాతల నాటిదే. ‘స్టోర్స్’ అని పొల్లుతో కాక ‘స్టోర్సు’ అని కొమ్ముతో ముగిస్తే అదీ పాత అలవాటే. పొల్లు మీద మోజు తర్వాత వచ్చింది. అది కూడా ఆర్టిస్టుకు బాగానే పనికొచ్చింది. చివరి ‘స్’ మీది పొల్లును జెండాలా పైకి ఎగరేసి బోర్డు కుడిమూల ఖాళీని నింపేశాడు.

ఇక రేకు బోర్డు. ముందు రెడాక్సైడు, ఆరాక రెండు కోట్లు ఎనామెల్ పెయింటు. దారానికి సుద్ద పూసి, రెండు కొసలూ బిగలాగి పట్టుకుని మధ్యలో లాగి వదిలితే తిన్నని గీత పడుతుంది. ఆ గీతల మధ్య సుద్దముక్కతో పేరంతా ఒకసారి లేతగా వేసుకుంటారు. అసలు పని ఇక్కడే జరుగుతుంది, బ్రష్షు పట్టేది ఆ తర్వాత. ఏ ఒత్తు ఎక్కడ దిగుతుందో, పక్క అక్షరం కింద ఖాళీ ఉందో లేదో, రెండో వరసలో గుడి ఎక్కడ లేస్తుందో చూసుకుంటారు. మొదటి వరసలోని రెండు ఒత్తుల మధ్య సందులోకి రెండో వరసలోని గుడిని జొనపగలిగితే అర జానెడు ఎత్తు కలిసొస్తుంది. మ ఒత్తును కిందకు దించకుండా కాస్త పైకెత్తి అక్షరం పక్కకు చేర్చేస్తారు. ‘శ్రీ’ క్రావడి తోకను పేరు పొడవునా లాగి దాన్నే అండర్‌లైన్ చేసేస్తారు. మరీ ఇరుకైతే పేరంతా విల్లులా వంచుతారు. అప్పుడు మధ్యలోని అక్షరాలు పైకి లేచి, వాటి ఒత్తులకు కింద చోటు దొరుకుతుంది. చెయ్యి వణక్కుండా కర్ర మీద ఆనించుకుని రంగు నింపాక అవుట్‌లైన్, ఆపైన షేడ్. కుడి కింది మూలలో బుల్లి అక్షరాలతో ఫలానా ఆర్ట్స్ అని సంతకం.

ఈ అక్షరాలు వీళ్లకు బళ్లో నేర్పినవి కావు. గురువు దగ్గర రంగులు కలుపుతూ నేర్చుకున్నవి కొన్నయితే, పత్రికల శీర్షికలు, సినిమా టైటిళ్లు చూసి పట్టుకున్నవి కొన్ని. సీసపు అచ్చులో ప్రతి ఒత్తుకూ కొలత ముందే ఖాయం. చేత్తో గీసే శీర్షికకు ఆ బంధనం లేదు. 1947లో బి. నాగిరెడ్డితో కలిసి ‘చందమామ’ మొదలుపెట్టిన చక్రపాణి తెనాలివాడే కనక ఇక్కడ ఆయన్ను తలుచుకోవడం న్యాయం. పిల్లల పత్రికల శీర్షికలు చూసి గుండ్రని లావు అక్షరం వేయడం నేర్చుకున్న చేతులు తక్కువేమీ ఉండవు. ఇక బాపు (1933–2014) రాత సంగతి సరేసరి. కుంచెను నిర్లక్ష్యంగా లాగినట్టుండే ఆ అక్షరం పెళ్లికార్డుల మీదికీ టిఫిన్ హోటళ్ల మీదికీ ఎక్కి చివరికి కంప్యూటర్ ఫాంటుగానూ స్థిరపడింది.

ఫ్లెక్సు వచ్చాక ఇదంతా మారింది. ఫ్లెక్సును తిట్టడం తేలిక. కానీ దానివల్ల బోర్డు కోసం వారాల తరబడి ఆగక్కర్లేదు, ఫొటో పడుతుంది, చవక. కొత్తగా కర్రీ పాయింటు పెట్టుకున్న మనిషికి అదే దిక్కు. ఎండకు ఎరుపు, పసుపు ముందు వెలిసిపోయి దేవుడి బొమ్మతో సహా అంతా నీలంగా మిగలడం ఒక లోపమే కానీ, నా ఫిర్యాదు అది కాదు. పేరు బోర్డుకు సరిపోకపోతే ఆపరేటర్ చేసే పని ఒక్కటే, మౌసుతో అంచు పట్టుకుని అడ్డంగా సాగదీయడం. నిలువు గీతలు లావెక్కి, అడ్డగీతలు సన్నగా ఉండిపోయి, సున్న కాస్తా కోడిగుడ్డవుతుంది. వరసల మధ్య దూరం ఫాంటులోనే బిగించి ఉంటుంది కనక ఒత్తుల సందుల్లోకి గుడిని జొనిపే ఆలోచన అక్కడ రాదు. పైన ఖాళీ, కింద ఖాళీ, మధ్యలో బక్కచిక్కిన పేరు.

తప్పంతా ఆపరేటర్ది కూడా కాదు. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరినా, బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్లలో చాలాకాలం ఒత్తులు విడిపోయి పక్కన పడేవి. అందుకే డీటీపీ సెంటర్లు యూనికోడ్ కాని అనూ ఫాంట్లను పట్టుకుని వదలలేదు. వాటిలోంచి పదో పదిహేనో ఎంచుకుని నగల కొట్టుకూ ఎరువుల కొట్టుకూ అవే వాడటంతో అక్షరం చూసి దుకాణం పోల్చుకునే వీలు పోయింది.

బోర్డు మీద తెలుగు ఉండాలని, వేరే భాషలు రాస్తే అవి తెలుగు కింద ఉండాలని దుకాణాలు, సంస్థల చట్టం కింద చేసిన నియమాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. నియమం పాటించిన బోర్డులో కూడా తెలుగు చిన్నబోతుంది. రెండు భాషలకూ సమానమైన పట్టీలు కేటాయిస్తే, ఇంగ్లిషు తన పట్టీ అంతా నిండుతుంది. తెలుగు తన పట్టీలో సగం ఒత్తులకూ గుళ్లకూ ఇచ్చేస్తుంది. రెండూ సమానంగా కనపడాలంటే తెలుగుకు రెట్టింపు ఎత్తు ఇవ్వాలన్నది నా లెక్క.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీ బ్యానర్లపై నిషేధం ప్రకటించినప్పుడు కుంచెకు మంచిరోజులు వస్తాయని ఆశపడినవాళ్లు ఉంటే ఉండొచ్చు. కానీ ఫ్లెక్సీకి బదులు వాడే గుడ్డ మీదా యంత్రమే అచ్చువేస్తుంది. కనక అడగాల్సింది ఆ యంత్రంలోకి వెళ్లే అక్షరం గురించి. ఢిల్లీలో హనీఫ్ కురేషీ అనే కళాకారుడు వీధి పెయింటర్ల రాతలను ఫాంట్లుగా మార్చే పని మొదలుపెట్టాడు. తెలుగులో రామభద్ర, ధూర్జటి, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇంకా కావాల్సింది ఒకే ఒత్తుకు నాలుగైదు రూపాలున్న బోర్డు ఫాంటు. కిందకు దిగే మ ఒత్తు, పక్కకు జరిగే మ ఒత్తు, పొట్టి క్రావడి, పేరంతా పాకే క్రావడి. ఇప్పటి ఓపెన్‌టైప్ ఫాంట్లలో ఇలాంటి ప్రత్యామ్నాయ రూపాలు పెట్టడానికి ఏ అడ్డూ లేదు. నమూనాలు పాత రేకుల మీదే ఉన్నాయి. కొట్టు ముందుభాగం మార్చేటప్పుడు ఆ రేకును పాత ఇనుం కింద తూకానికి వేసేముందు, ఎదురుగా నిలబడి అడుగు భాగం వరకూ పడేలా ఒక ఫొటో తీస్తే చాలు. ఒత్తులు తెగిపోయిన ఫొటో ఫాంటు చేసేవాడికి పనికిరాదు.